అడ్డపొగ, అంగిలి

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం రాదు. పాడేరు వైపు కొండల్లో నర్సుగా తిరగడానికి ఆ గుణం బాగానే పనికొచ్చింది గాని, మా అమ్మ విషయంలో అదే కొంప ముంచింది.

మా వైపు ఆడవాళ్ళు చాలామంది అడ్డపొగ తాగుతారు. అంటే చుట్టని తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదాలు బిగిస్తారు. గాలికీ వానకీ ఆరదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, కాఫీ పళ్ళు కోసుకోవచ్చు. నన్ను వీపున కట్టుకుని కూడా మా అమ్మ అలాగే తాగేదట. ఆదివారం చర్చిలో మాత్రం చుట్ట ఆర్పి కొంగున ముడేసుకునేది. ఆఖరి ఆమెన్ అనడమే తరువాయి, చెయ్యి ఆ ముడి మీదికే పోయేది.

పోయినేడాది సంతల్లో నోటి క్యాన్సర్ గురించి చెప్పే పని నాకు అప్పగించారు. ఒక టార్చి, ఒక పోస్టరు ఇచ్చారు. పోస్టరులో గుట్కా నమిలే మగవాడు, వాడి బుగ్గ లోపల పుండు. రెండు వారాలు దాటినా మానని పుండైనా, తెల్లమచ్చైనా, ఎర్రమచ్చైనా, గడ్డైనా నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దని గొంతు పోయేలా అరిచేదాన్ని. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నోరు తెరవమంటే ఒక్కతీ తెరిచేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

తానుగా తెరిచింది మా అమ్మ ఒక్కతే. అదీ సంతలో కాదు, ఇంట్లో. నేను హడావిడిగా సంచి సర్దుకుంటుంటే వెనకాలే వచ్చి నిలబడింది.

"గుంటా, నోట్లో ఏటో మండతంది. ఓపాలి సూడవే."

"బేగి తెరువు, జీపెళ్ళిపోద్ది."

టార్చి వేశాను. నాలుక చూశాను, నాలుక కింద చూశాను, రెండు బుగ్గలూ చూశాను. పోస్టరులో ఉన్నటువంటి పుండు కోసమే వెతికాను. ఏమీ కనబడలేదు. వేడి చేసింది, చల్లటి అంబలి తాగమని చెప్పి, బి కాంప్లెక్స్ మాత్రలు చేతిలో పెట్టి పరుగెత్తాను.

ఆ తర్వాత అమ్మ కూరల్లో కారం తగ్గించింది. ఎందుకే అంటే నా పిల్లల కోసమంది. పిల్లలు లొట్టలేసుకుంటూ తిన్నారు. నేనూ తిన్నాను, పైగా మెచ్చుకున్నాను.

ఆరు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం అమ్మ అరుగు మీద, నేను కింది మెట్టు మీద కూర్చున్నాం. పక్కింటామె ఏదో అంటే అమ్మ తల వెనక్కి వేసి పకపకా నవ్వింది. కింద నుంచి ఆమె అంగిలి కనబడింది. బూడిద పూసినట్టు తెల్లగా ఉంది. మధ్యలో ఎర్రటి పుండు.

అడ్డపొగలో నిప్పు సెగ తగిలేది అంగిలికే కదా! పోస్టరు వేసినవాళ్ళకి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఆ పొగలో పుట్టి పెరిగిన నాకు తెలియదా? తల పైకెత్తవే అని ఒక్క మాట అనలేకపోయానా?

"ఎన్నాళ్ళ నుంచే ఇది? నాకెందుకు చెప్పలేదు?" అని ఆమె మీదే విరుచుకుపడ్డాను.

"సెప్పినాను కదే. మాత్తర్లిచ్చినావు. ఏసుకున్నాను."

మర్నాడే ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం తీసుకెళ్ళాను. పుండు ఎన్నాళ్ళ నుంచి ఉందని అక్కడి డాక్టరు అడిగాడు. అమ్మ నా వైపు ఒకసారి చూసింది.

"ఈ మద్దినే బాబూ. వారం, పది రోజులు."

అబద్ధమాడితే నరకమని మాకు చిన్నప్పటి నుంచి నేర్పిన మనిషి! నా పరువు కోసం ఆడింది. డాక్టరు అదే రాసుకుంటున్నాడు. నోరు మూసుకుంటే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం.

"కాదండీ, ఆరు నెలలు," అన్నాను. "నాకే చూపించింది. నేను నర్సుని. అంగిలి చూడలేదు."

అమ్మ బల్ల కింద నా చెయ్యి గిల్లింది.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా నేను మనిషిని కాను. అన్నం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని. ఫోను మోగితే భయం, మోగకపోతే కోపం. అమ్మ మాత్రం నన్నే తిన్నావా, పడుకున్నావా అని అడిగేది.

క్యాన్సరే. లోతుకు పోలేదు, కోసి తీసేయొచ్చన్నారు. నేను ఉండబట్టలేక, ఆరు నెలల కిందటే తెచ్చి ఉంటే అని అడిగాను.

"అప్పటికి ఒట్టి మచ్చే అయి ఉండొచ్చమ్మా," అన్నాడు డాక్టరు.

ఆపరేషన్ అయింది. అమ్మ చుట్ట మానేసింది. అంగిలిలో కోసిన చోట మూతలా ప్లేటు పెట్టారు, మాట ముక్కులోంచి వస్తుంది. ఆ గొంతు విన్నప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

పోయిన సంతలో పోస్టరు విప్పలేదు. "మా అమ్మ నోరు నేను సరిగ్గా చూడలేదు" అని మొదలుపెట్టి, జీపు కోసం పరుగెత్తిన సంగతి నుంచి డాక్టరు అన్న మాట దాకా అంతా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ముందు కూర్చున్న ముసలామె నోట్లోంచి చుట్ట తీసి, నేలకు రాసి ఆర్పి, లేచి నా దగ్గరికి వచ్చింది. తల వెనక్కి వేసి నోరు తెరవబోతూ ఆగింది.

"ఇప్పుడేటీ జీపు లేదు కదా? సరిగ్గా సూడు," అంది.