సున్నం కొట్టిన కొట్టంలో ఇసుక ఈగల వేట

ఈసారి బతికున్న ఇసుక ఈగలు తేకపోతే పరిశోధన అంశం మార్చుకోమని మా గైడ్ తేల్చి చెప్పేశారు. రెండేళ్ల కష్టం గంగపాలవుతుందన్న భయంతో పొద్దున్నే అనంతపురంలో బత్తలపల్లె బస్సెక్కాను. ఒళ్లో థర్మాకోల్ పెట్టె, మెడలో ఈగల్ని నోటితో పీల్చి పట్టే గొట్టం.

పక్క సీటు పెద్దమ్మ ఊరుకుంటుందా!

"పెట్టెలో ఏముండాదమ్మా?"

"ఇంకా ఏం లేదమ్మా. ఈగల కోసం పోతున్నాను."

"ఏం, అనంతపురంలో ఈగలకూ కరువొచ్చిందా?"

ఇవి వేరే ఈగలని, వీటిలో కొన్నింటి కడుపులో ట్రిపనోసోమ్ అనే పరాన్నజీవి ఉంటుందని, అది బల్లులకూ కప్పలకూ సోకుతుందని చెప్పాను.

"బల్లికి రోగమొస్తే నీకేంటికమ్మా?" అంది. మా గైడ్ కూడా ఎప్పుడూ ఇంత సూటిగా అడగలేదు.

బత్తలపల్లెలో ఇడ్లీ తిని, అక్కడి నుంచి ఆటోలో ఒక చిన్న పల్లె చేరేసరికి ఎనిమిదైంది. పోయిన నెల ఇక్కడే, హుసేనన్న గొర్రెల కొట్టం గోడ పగుళ్లలో బోలెడు ఈగల్ని చూసి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్లాను. ఇప్పుడా గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. పగుళ్లన్నీ మట్టితో మెత్తి, సున్నం కొట్టి, వేపాకు పొగ కూడా వేశారు.

"నువ్వు మళ్ళా వస్తాండావంటే ఆ గబ్బులో కూర్చోబెడతామా? మాకు మర్యాద తెల్దా?" అన్నాడు హుసేనన్న గర్వంగా.

ఒక్క ఈగ లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సంగతి విన్నాక ఆయన ముఖం వాడిపోయింది. ఎదురింటి రెడ్డెప్ప కొట్టంలో చూస్తానన్నాను. పంచాయతీ ఎన్నికల్లో చెరో వైపు నిలబడినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవట. హుసేనన్న కాసేపు గడ్డం గోక్కుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, నాకంటే ముందు నడిచాడు.

"రెడ్డెప్పా, మీ కొట్టంలో ఈగలుండాయా?"

రెడ్డెప్ప ఎగాదిగా చూశాడు. "ఇన్నాళ్ళకొచ్చి అడిగేది ఇదేనా?"

"మా ఇంటికొచ్చిన బిడ్డ ఉత్త చేతుల్తో పోకూడదప్పా."

రెడ్డెప్ప లేచి, తన ఓటర్లను చూపించినంత ధీమాగా కొట్టం తలుపు తీశాడు. "ఎన్ని కావల్లంటే అన్ని పట్టుకోమ్మా."

మధ్యాహ్నానికి పెట్టెలోని డబ్బాలన్నీ ఈగలతో నిండాయి. భోజనం ఎవరింట్లో అన్నదానిపై మళ్ళీ తగువొచ్చింది. చేసేదిలేక రెండిళ్లలోనూ రాగి సంగటి తిన్నాను. ఆ వైపు ఈగల కోసం పోయేవాళ్లు ఎందుకొస్తున్నారో ముందే విడమర్చి చెప్పండి, ఖాళీ కడుపుతో పోండి.

సాయంత్రం బస్సుకు ఇద్దరూ వచ్చి సాగనంపారు. పెట్టెలో ఈగలు బతికే ఉన్నాయి. వాటిలో పరాన్నజీవి ఉందో లేదో మైక్రోస్కోపే చెప్పాలి. బస్సు కదిలాక చెయ్యి ఊపుదామని కిటికీలోంచి చూశాను. ఇద్దరికీ నా ధ్యాసే లేదు. రోడ్డు పక్కన నిలబడి ఒకటే మాట్లాడుకుంటున్నారు.