వజ్రాసనంలో పెళ్ళికొడుకు

ఆ వయసులో మోకాళ్ళు రెండే ఉన్నా, పొగరు మాత్రం ఒళ్ళంతా ఉండేది. సారపాక కాగితం మిల్లులో కొత్తగా ఉద్యోగం, కొత్త బైకు, దాని మీద నుంచి పడి వాచిన కుడి మోకాలు. అది తగ్గకముందే నాకు పెళ్ళి కుదిరింది. మా క్రైస్తవుల పెళ్ళిలో వధూవరులు పీఠం ముందు మోకరించాలి, నాకేమో వంగి చెప్పులు వేసుకోవడానికే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఎవరికైనా చెబుదామంటే, పిల్ల భద్రాచలంలో మోకాళ్ళకూ నడుములకూ ఫిజియోథెరపీ చేసే మనిషి. కుంటి పెళ్ళికొడుకు వద్దంటుందేమోనని నా భయం. ఆ పిల్లంటే అప్పటికే ప్రాణం. వైద్యం చేసే మనిషి దగ్గరే రోగం దాచిన వెధవ ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అందుకని కాలనీలో వజ్రం సారును ఆశ్రయించాను. మిల్లులో రిటైరై, పొద్దున పూట టీవీ చూసి యోగా గురువైపోయిన మహానుభావుడు. జలుబు చేసినా మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనమే, జుట్టు రాలినా వజ్రాసనమే, కోడలితో పడకపోయినా వజ్రాసనమే. (ఆయన మాత్రం ప్లాస్టిక్ కుర్చీ దిగేవాడు కాదు.) "సారూ, మోకాలు నొస్తుంది" అన్నాను. "నొయ్యాలె బిడ్డా. నొప్పి అంటే జబ్బు బయటికి పోతున్నట్టు. ఓర్చుకో" అన్నాడు. పక్కన తాతల వయసువాళ్ళు పీటల్లా కదలకుండా కూర్చుంటే నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పళ్ళు బిగించి కూర్చున్నాను. ప్రాణశక్తి మీద ఆయన ఉపన్యాసం ముగిశాక అందరూ లేచారు, నేను లేవలేదు. మోకాలు పట్టేసింది. "గదే సమాధి స్థితి, ముట్టుకోకుండ్రి" అన్నాడు ఆ జ్ఞాని.

కాలు చాపబోతే ప్రాణం పోతోంది. చివరికి ఇరుగుపొరుగు నన్ను ఆ భంగిమలోనే ఎత్తి, జామాయిల్ కర్రలు తోలే ట్రాలీ ఆటోలో పెట్టారు. ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ప్రభువును తలుచుకుంటూ గోదావరి బ్రిడ్జి దాటాను. ఎదురుగా షేర్ ఆటోలో వస్తున్న పెళ్ళికూతురి అమ్మమ్మ నన్ను చూసిన సంగతి నాకేం తెలుసు?

"మోకాళ్ళకు ఇదే మంచిదన్నా" అంటూ డ్రైవరు దించింది సరిగ్గా ఆ పిల్ల పనిచేసే దవాఖానా ముందే. ఆమె గుమ్మంలోకి వచ్చేలోపు వెనకాలే అమ్మమ్మ కూడా ఆటో తిప్పించుకుని వచ్చింది. మోకాళ్ళ మీద మొక్కు తీర్చుకునే అలవాటు మావాళ్ళలో ఉంది మరి. "చూసినవా తల్లీ, పెళ్ళి మంచిగ జరగాలని పిల్లగాడు బ్రిడ్జి పొడుగూత మోకాళ్ళ మీదనే వచ్చిండు. గిసొంటి భక్తుడు యాడ దొరుకుతడు?" అని కళ్ళు ఒత్తుకుంది.

"మొక్కా?" అంది పిల్ల.

"అవ్" అన్నాను. (సిగ్గులేని జన్మ.)

ఆమె వంగి బొటనవేలితో మోకాలు నొక్కింది. కెవ్వుమన్నాను. "మొక్కు బానే వాచింది" అంది.

లోపలికి తీసుకుపోయి, మెల్లమెల్లగా కాలు సాగదీసింది. "నొస్తే ఆపాలె, ఓర్చుకునుడు కాదు. మోకాలి కింద దుప్పటి మడతపెట్టి ఏసుకోవాలె. మడిస్తే నొచ్చే ఆసనాల జోలికే పోవద్దు, కుర్చీల కూసోని కాలు చాపుండ్రి, చాలు. నాకెందుకు చెప్పలే?"

"వద్దంటవేమోనని."

"కాలు వాచినందుకు వద్దనను. అబద్ధమాడితే మాత్రం ఆలోచిస్త."

పెళ్ళినాటికి అమ్మమ్మ పుణ్యాన నా భక్తి చర్చి అంతా పాకింది. భక్తుడు ఎలా మోకరిస్తాడో చూద్దామని అందరూ మెడలు సాచారు. తీరా పీఠం ముందు రెండు కుర్చీలు. ఇదేమిటన్నట్టు ఫాదర్ చూస్తే, పిల్ల ముందు తనే కుర్చీలో కూర్చుని, "నాకు మోకాళ్ళ నొప్పి ఫాదర్, ఈయన నాకు తోడు కూసుంటున్నడు" అంది. అబద్ధమాడితే ఆలోచిస్తానన్న మనిషి, పీఠం ముందు, కళ్ళార్పకుండా.

ఇన్నేళ్ళుగా రోజంతా నిలబడి ఊరి మోకాళ్ళన్నీ బాగుచేసీ చేసీ, ఇప్పుడు ఆమెకు నిజంగానే నొప్పి. నా మోకాలికీ వయసొచ్చింది. ఆ పొగరుబోతు కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, పొద్దున్నే వరండాలో రెండు కుర్చీలు వేస్తాను. ముందు తనే కూర్చుంటుంది.