పెళ్లిగుర్రం లారీ దిగిన రోజు

వానలు మొదలైన రోజుల్లో ఎన్నూరులో దిగాను. చేతిలో ఒక సంచి. అందులో రెండు చీరలు, నా కత్తిపీట. ఒక పక్క ఉప్పుటేరు, ఇంకో పక్క కరెంటు తయారుచేసే పొగగొట్టాలు, నడుమ రేకుల లాయం. గాలి అటునుంచి వీస్తే బూడిద కురుస్తుంది. నల్లగుర్రం ఏదో తెల్లగుర్రం ఏదో తెలియదు.

లాయం మా తమ్ముడిది. పటాలంలో కంచరగాడిదలను నడిపి హవల్దారుగా ఇంటికొచ్చాడు. ఎవరికీ అక్కర్లేని గుర్రాలను చేర్చుకుంటాడు. పందెంలో వెనకబడ్డవి, బీచిలో పిల్లల్ని మోసి నడుం పోయినవి. వంటకు మనిషి లేదని నన్ను పిలిచాడు. వెళ్ళగానే మెడలో వాకీటాకీ తగిలించాడు.

"నాకెందుకురా ఇది?"

"ఈడ అందరిదీ డ్యూటీనే అక్కా. మాట్లాడినాక ఓవర్ అనాల."

నేను చదివింది మూడో తరగతి. అయినా అదేమంత కష్టం? "అన్నం ఉడికింది, ఓవర్" అన్నాను.

తెల్లవారుతూనే గడ్డి. తర్వాత పేడ ఎత్తడం. పదింటికి ఉలవలు. గుర్రాలకు గింజ, ఆ ఉడికిన నీళ్ళతో మాకు చారు. నేనున్నన్నాళ్ళు ఏదీ పారబోయలేదు.

ఒక మధ్యాహ్నం, తుంపర పడుతుండగా, లాడాలు కొట్టే ఆయన వాకీటాకీలో పిలిచాడు.

"అక్కా, గేటు ముందర రోడ్డులో ఉండా. పెళ్లిగుర్రాన్ని కసాయికి తోలకపోతా ఉండారు. ఒక కాలు కుంటి. పోలీసాయన లారీని ఆపినాడు. బిరాన రండి, ఓవర్."

తమ్ముడు తాడు తీసుకున్నాడు. నేను ఉలవల బకెట్ తీసుకున్నాను.

"కుంటిదాన్ని ఎక్కించకూడదు. దించండి," అన్నాడు పోలీసు.

లారీలో వచ్చిన దళారి నవ్వాడు. "దించుకోండప్పా, నాకేం. జార్జి టౌన్‌లో ఎన్ని పెళ్ళిళ్ళు చేసిందో అది! పెళ్లికొడుకు లేకుండా కదలదు. హవల్దారయ్యా, మీరెక్కుతారా?"

గుర్రం దిగడానికి లారీ వెనక వాలుగా పలక వేశారు. తమ్ముడు ముందు నుంచి లాగాడు. లాడాలాయన వెనక నుంచి నెట్టాడు. గుర్రం నాలుగు కాళ్ళూ బిగించింది. వెనక లారీల హారన్లు.

"పాట్టీ, రోడ్డంతా నిలిచిపోయింది," అన్నాడు పోలీసు, నన్ను అరవంలో అవ్వా అని పిలుస్తూ. "ఇంకాసేపు చూస్తా. దిగకపోతే బండిని వదలాల్సిందే."

అప్పుడు గుర్తొచ్చింది. చింతాద్రిపేటలో మా వీధిన ఎన్ని ఊరేగింపులు చూశాను! పెళ్లిగుర్రం తాడు లాగితే కదలకూడదు. కదిలితే పెళ్లికొడుకు పడతాడు. మేళం ఆగితే నిలబడాలి, మోగితే నడవాలి. కొట్టి కొట్టి అలా నేర్పుతారు.

"తాడు వదలరా," అన్నాను.

ఉలవలు కొంగులో పోసి ముడివేశాను. బకెట్ బోర్లించి అరచేతులతో దరువు వేశాను.

దాని చెవులు లేచాయి. మెడ వంగింది. ఒక గిట్ట పలక మీద పడింది, తర్వాత రెండోది. కుంటికాలిని కూడా దరువుకు సరిగ్గా ఎత్తి వేస్తూ, ఆడుతూ దిగింది. నేను వాయిస్తూ వెనక్కి నడిచాను. అది నా వెంటే రోడ్డు దాటి గేటు లోపలికి వచ్చింది. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

తమ్ముడు నా పక్కనే నిలబడి వాకీటాకీ నొక్కాడు. "పెండ్లి అయిపోయింది, ఓవర్."

వానలు ఆగేదాకా ఉన్నాను. గుర్రం ఒళ్ళు చేసింది. నా కొంగు వాసన చూడందే గడ్డి ముట్టేది కాదు. లాయంలో ఎవరూ గిన్నె కూడా మోగించకూడదని గట్టిగా చెప్పి ఇల్లు చేరాను.

ఇప్పుడు మా వీధిలో మేళం వినిపిస్తే ఆ గేటే కళ్ళముందుకు వస్తుంది. ఆ రోజు గేటు లోపలికి రాగానే నేను దరువు ఆపాను. అది టక్కున ఆగింది. తెల్లటి వీపు మీద బూడిద, వాన చారలు. కొంగు విప్పి ఉలవలు చూపించాను. తల తిప్పలేదు. కుంటికాలు వణుకుతున్నా కదలకుండా నిలబడింది, ఎవరో వచ్చి ఎక్కుతారని.

ఎవరూ ఎక్కలేదు.