ఒకటే మాట అడిగే మనిషి

మొన్న మధ్యాహ్నం మనవరాలు కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే "తిన్న్యావామ్మా?" అన్నాను. ఫోనులోంచి తలెత్తకుండా "తాతా, నువ్వు ఎన్‌పీసీ అయిపోయినావు" అంది. అది తిట్టేనని అర్థమైంది గానీ ఏం తిట్టో తెలియలేదు. అడిగితే కూర్చోబెట్టి పాఠం చెప్పింది. నాన్ ప్లేయర్ క్యారెక్టర్ అట. పాచికలు వేసి కథలు ఆడుకునేవాళ్ళ దగ్గర పుట్టిందట. ఆటగాళ్ళెవరూ ఆడించని పాత్రలకు ఆ పేరు. ఆనక వీడియో గేముల్లోకి వచ్చింది, అక్కణ్ణుంచి మనుషుల మీదికి. "అంగడి కాడ ఒకడు నిలబడుకోని ఉంటాడు తాతా. ఎన్నిసార్లు పోయినా ఒకటే మాట చెప్తాడు. లోపల ఏమీ ఉండదు" అంది.

మా ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా ఆ ఒక్క ప్రశ్నే అడుగుతున్నానని ఆ పిల్ల చెప్పేదాకా నాకే తెలియదు. కోపం రాలేదు. ఈమధ్య ఏదీ రావడం లేదు. నాయన మాత్రం గుర్తొచ్చాడు.

నాయన కొండమీద తలనీలాలు తీసేవాడు. ఎదుట కూర్చున్నది అధికారైనా కూలివాడైనా కత్తికి బ్లేడు మార్చి, తలమీద నీళ్ళు చల్లి, "గుండేనా, మూడు కత్తెర్లా?" అని అడిగేవాడు. జుట్టంతా ఇవ్వలేని ఆడవాళ్ళు మూడు కత్తిరింపులతో మొక్కు తీర్చుకుంటారు. వాళ్ళకోసం పుట్టిన ప్రశ్న అది. మీసాలున్న మగవాళ్ళనూ అదే అడిగేవాడు. వాళ్ళు నవ్వితే తను నవ్వేవాడు కాదు, జవాబు కోసం ఆగేవాడు. ఇంట్లో అమ్మ ఆయన్ను ఏడిపించడానికి, సంగటి వడ్డిస్తూ అదే గొంతుతో "ముద్దేనా, మూడు మెతుకులా?" అనేది.

అమ్మ పోయిన పదో రోజు స్వర్ణముఖి ఒడ్డున, నాకు గుండు చేయడానికి ఇంకొకరిని పిలుస్తామంటే నాయన ఒప్పుకోలేదు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, బ్లేడు మార్చి, నీళ్ళు చల్లి, అడిగాడు. "గుండేనా, మూడు కత్తెర్లా?"

చుట్టూ ఉన్నవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. మా మేనమామ ఒక్కడే "ఏంది బావా ఇది" అన్నాడు. నాయన జవాబు కోసం ఆగాడు. "గుండే" అన్నాను పళ్ళు బిగించి. ఒక్క గాటు పడకుండా గీసి, కత్తి కడుక్కుని లేచాడు. పెండ్లాం పోయినా ఈ మనిషికి ఏమీ కాలేదని అసహ్యించుకున్నాను. ఆయన బతికున్నంత కాలం ఆ అసహ్యాన్ని వదల్లేదు, ముఖం చూసి మాట్లాడిందే తక్కువ.

ఆ రోజు ఆయన నోట్లో మిగిలిన మాట అదొక్కటేనని తెలియడానికి నా ఇల్లు కూడా ఖాళీ కావలసి వచ్చింది. చెబుదామంటే నాయన పోయి ఇరవై రెండేళ్ళు.