చిటికెన వేలి గుంట

పెళ్లి కచేరీల్లో, టీవీలో నేను వాయించే పాత మాండలిన్ నాది కాదు. దివిసీమలో మా ఊరి భజన బృందంలో వాయించే వెంకటరత్నం మావయ్యది. నాకు నేర్పి, నేను గుడివాడలో ఆర్కెస్ట్రాలో చేరే రోజున దాన్నీ నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత పదకొండేళ్లు నేను ఆయన గడప తొక్కలేదు.

మావయ్యకు చూపు పోయిందని తెలిసి కిందటి వేసవిలో మాండలిన్ తీసుకుని వెళ్లాను. భజన వాళ్లూ వచ్చారు.

"ఓసారి ఇలా ఇవ్వరా" అన్నాడు మావయ్య. ఒళ్లో పెట్టుకుని, తీగల పక్కన చెక్కను చిటికెన వేలితో తడిమాడు. నలభై ఏళ్లు ఆ వేలు ఆనించి వాయించడంతో అక్కడ చిన్న గుంట పడి ఉండేది. కెమెరాలో బాగోదని నేనే దాన్ని పూడ్పించి పాలిష్ వేయించాను.

"నాది అమ్మేశావేంట్రా?"

"ఇదే మావయ్యా. పాలిష్ చేయించానంతే."

"అమ్మితే అమ్మావులే. అబద్ధం దేనికి?"

వాయిస్తే నమ్ముతాడని ఆయన నేర్పిన కీర్తనే వాయించాను. "చెయ్యి బాగా తిరిగిందిరా" అన్నాడు, మాండలిన్ మాట మాత్రం ఎత్తలేదు. భజన వాళ్లెవరూ నా వంక చూడలేదు.

మధ్యలో ఒక్కసారి వెళ్లినా ఆ గుంటను పూడ్పించేవాణ్ణి కాదేమో. ఇప్పుడు కచేరీలో ఎందరున్నా నా చిటికెన వేలు దాని కోసం వెతుకుతుంది, నున్నటి చెక్క మీద జారిపోతుంది.