కనపడని దారం

ముందుగాల ఆ చాయ్ కప్పులు కింద పెట్టుండ్రి. వినుకుంట తాగితే ముక్కులకెళ్ళి వస్తది, మళ్ళ నన్నే అంటరు. మీకు నవ్వులాటనే, నాకు మాత్రం ఇప్పటికీ యాదికొస్తే నిద్ర పట్టది. పోయిన నెల, నిండు ప్రార్థనల, చర్చి అయ్యగారి చేతులల్లనే, నా ఇజ్జత్ ముక్కలు ముక్కలై కింద పడ్డది. ఉత్త మాటకు చెప్తలేను, నిజంగనే ముక్కలు!

మా ఎస్తేరు వదిన తెలుసు గదా? మా ఆయన సొంత అక్క. దుర్గాపూర్‌ల మా క్వార్టర్‌కు రెండు లైన్ల అవతలనే ఉంటది. ఆమె బిడ్డ సోనికి కొడుకు పుట్టిండు. వారం తిరగకముందే వదిన ఒక సంచి తెచ్చి నా ముందర పెట్టింది. విప్పి చూస్తే మా అత్తమ్మ చీరలు, అయిదు. అత్తమ్మ పోయి మూడేండ్లాయె, వదిన ఇన్నొద్దులు ఆ చీరల మీద ఎవర్నీ చెయ్యి పెట్టనియ్యలే.

"కరుణా, మా అమ్మ మునిమనుమన్ని చూడకుండనే పోయింది. వాడు ఆమె చీరలల్లనన్న పండాలె. ఒక బొంత కుట్టియ్యి. కత్తెర పెట్టినంక చీర మళ్ళ చీర కాదు, జర చూస్కో" అన్నది. అనుకుంట అనుకుంటనే కండ్లల్ల నీళ్ళు.

నేనేమన్నా తక్కువనా? "ఫికర్ చెయ్యకు వదినా! ఎన్నిసార్లు ఉతికినా కుట్టు కదలదు, నాది గ్యారంటీ!" అన్న. నోరు గదా, ఊకుంటదా?

వీడియోలు చూసి చూసి నాకు బొంతల మీద మస్తు తెలివి వచ్చి ఉండె. ముక్కలు అతికే దారం సన్నగుండాలె, లేకుంటే కుట్టుకాడ ఉబ్బుతది. పాత మెత్తటి గుడ్డకు గట్టి పాలిస్టర్ దారం వేస్తే, ఆ దారమే గుడ్డను కోస్తది. ఇంట్ల ఉన్న దారంతోని రెండు ముక్కలు అతికి చూసిన. మూలకాడ గోలీకాయ లెక్క గడ్డ! పిల్లగాని వీపుకు గుచ్చుకోదా? పైంగ అయిదు చీరలకు అయిదు రంగులాయె. నీలానికి కలిసే దారం పసుపు మీద కొట్టొచ్చినట్టు కనపడుతది.

ఇగ గోల్ బజార్‌ల దారాల దుకాణానికి పోయిన. నా హిందీ సంగతి మీకెర్కనే గదా. ఈ మరాఠీ గడ్డ మీద పెరిగి మరాఠీ బడిల చదివిన, ఇంట్ల తెలుగు, హిందీ మాత్రం అంగట్ల నేర్చినదే. "భావు, సన్నగుండాలె, మెత్తగుండాలె, బొంత మీద అస్సలు కనపడొద్దు" అని అడిగిన.

"కనపడకుంటే నేనెట్ల వెతకాలె మేడం?" అని నవ్విండు. నవ్వి, లోపలికి పోయి ఒక తెల్లటి రీలు తెచ్చిండు. ఎంత మెత్తగుందో! గుడ్డ మీద పెడితే గుడ్డల కలిసిపోయింది. బుటిక్ వాళ్ళు తీస్కపోతరట.

నేను తెలివిగల్లదాన్ని గదా, అసలు సంగతి అడిగిన. "పానీ మే?"

"పానీ మే చల్ జాతా హై, మేడం."

"గరం పానీ మే?"

"ఔర్ అచ్ఛా!"

విన్నరా? నీళ్ళల్ల నడుస్తది, ఉడుకు నీళ్ళల్ల ఇంకా మంచిగ నడుస్తది! ఇంతకంటే ఏం గావాలె? ఆరు రీళ్ళు కొన్న.

పదిహేను రోజులు మిషన్ మీదనే కూసున్న. ఎనభై ముక్కలు. మీదికెళ్ళి అడ్డం, నిలువు కుట్టు గూడ ఆ దారమే. ఒక్కటే విచిత్రం. సూదిల ఎక్కిద్దామని దారం కొస నోట్లె పెడితే జిగటజిగట అయ్యేది, కొస చిన్నగయ్యేది. నేనేమనుకున్ననంటే, మంచి కంపెనీ దారం, గంజి పెట్టిన్రనుకున్న! ఇస్త్రీ సంగతి గూడ వినుండ్రి. తడి తగిలితే ముక్కల కొలత తప్పుతదని వీడియోల చెప్పిన్రు, అందుకే నీళ్ళు చల్లకుండ పొడి ఇస్త్రీనే చేసిన. ఒక్క చుక్క నీళ్ళు చల్లినా ఆడ్నే తెలిసిపోయేది.

పిల్లగానికి పేరు పెట్టే ప్రార్థన. వదిన ఇల్లంత చుట్టాలు. బొంత తీసి పరిస్తే ఒక్కొక్కరు "అబ్బబ్బ, కుట్టే కనపడతలేదు గదా!" అనుడు. వదినైతే నీలం గళ్ళ ముక్క మీద చెయ్యి పెట్టి, "ఇది అమ్మ చర్చికి కట్టుకునేది" అని అందరికి చూపెట్టింది. నా మొకం ఎట్లుందో అడగకుండ్రి. గాలి ఊదిన బెలూన్ లెక్కుంది.

అయ్యగారు పిల్లగాన్ని బొంతతోని సహా చేతులల్లకు తీస్కున్నడు. అందరం కండ్లు మూసుకున్నం. ఆయన ప్రార్థన మీకు తెలియంది కాదు, బియ్యం పొయ్యి మీద పెట్టి వస్తే అన్నం మాడుతది. "ప్రభువా! ఈ బొంతలో ఎన్ని రంగుల ముక్కలున్నా ఒకే దారంతో కలిసి ఉన్నట్లుగా, ఈ కుటుంబాన్ని కూడా విడిపోకుండా కాపాడుము తండ్రీ!"

నా బొంత ప్రార్థనలకు ఎక్కింది! ఆగలేకపోయిన. ఎవరి మొకం ఎట్లుందో చూద్దామని ఒక్క కన్ను తెరిచిన.

పిల్లగాడు కాళ్ళు సాపిండు, మొకం ఎర్రగ చేసిండు, పని కానిచ్చిండు. పోనీ, పసిపిల్లగాడు, అందుకే గదా బొంత. తడి మెల్లగ పాకుతుంది. పాకినకాడికి నీలం ముక్క అంచు లేచింది. ఏందిది అనుకునేలోపల పక్కన పసుపు ముక్క లేచింది. దాని పక్కన ఇంకోటి! కుట్టు ఊడుడు కాదమ్మా, అసలు కుట్టే లేదు! దారం అన్నదే లేదు! నాకు చెమటలు పట్టినయ్. ప్రార్థన మధ్యల ఎట్ల ఆపుత? పక్కన మా ఆయనను మోచేతితోని పొడిచిన. ఆయన కండ్లు తెరవకుండనే "ఆమెన్!" అని గట్టిగ అన్నడు.

అసలు ఆమెన్ వచ్చేసరికి మూడు ముక్కలు కింద పడ్డయ్. ఒకటి అయ్యగారి తెల్ల చొక్కా చేతికి అంటుకుంది. సోని పిల్లగాన్ని ఎత్తుకుంటే, ఇంకొకటి వాని పిర్రలకు అంటుకొని వాని ఎంబడే పోయింది. అయ్యగారు ఒకసారి బొంత దిక్కు చూసిండు, ఒకసారి నా దిక్కు చూసిండు.

అక్కడితోని ఆగినా బాగుండు. నా తెలివి చూడుండ్రి! "ఏం కాలే, ఏం కాలే, జాడిస్తే అయిపోతది" అని బొంత గుంజుకొని బాత్‌రూంల ఉరికిన. పిల్లగాని స్నానానికి పెట్టిన ఉడుకు నీళ్ళ బకెట్ ఉంది. నిండ ముంచిన! పైకి లేపితే, బొంత లోపల వేసిన పాత దుప్పటి ఒక్కటే చేతికొచ్చింది. అత్తమ్మ చీరలన్ని బకెట్ల ముక్కలు ముక్కలుగ తేలుతున్నయ్.

ఎనకకు తిరిగితే వదిన. ఆ బకెట్‌నే చూస్తుంది.

"ఏంది కరుణా ఇది?"

"నాకు తెల్వదు వదినా."

"మా అమ్మ చీరలు గదనే..." అన్నది, అంతే. ఆ గడపకాడ్నే కూలబడ్డది. తిట్టలే. తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు. ఆమె అట్ల నోరు మూసుకునేసరికి నాకు ఏడుపు ఆగలే. కింద పడ్డవి, అంటుకున్నవి గూడ ఏరి అండ్లనే వేసి, తడి ముక్కలు బకెట్‌తోని సహా ఎత్తుకొని ఇంటికొచ్చిన.

తెల్లారి దుకాణం తెరవకముందే పోయి నిలబడ్డ. "భావు, మోసం చేసినవ్! పానీ మే చల్ జాతా హై అన్నవ్!"

ఆయన పరేషాన్ అయ్యిండు. "చల్ నహీ మేడం! చలా! పానీ మే చలా జాతా హై! ఓ తో కచ్చే టాకే కా ధాగా హై!"

అర్థమైందా? అది తాత్కాలికం కుట్టే దారమట. బుటిక్ వాళ్ళు గుడ్డ కదలకుండ కచ్చా కుట్లు వేసి, పనయినంక నీళ్ళల్ల ముంచితే దారం కరిగి పోతదట. చల్ అంటే నడుస్తది, చలా అంటే పోతది. ఒక్క దీర్ఘం! ఒక్క దీర్ఘం కాడ నా పదిహేను రోజులు, మా అత్తమ్మ చీరలు నీళ్ళల్ల కలిసినయ్!

ఈసారి అచ్చమైన కాటన్ దారం అడిగిన. అతకడానికి సన్నది, మీది కుట్టుకు జర లావుది. మూడు భాషలల్ల అడిగిన. "నీళ్ళల్ల పోదు గదా? పాణ్యాత్ జాణార్ నాహీ నా? పానీ మే రహేగా నా?" ఆయన దండం పెట్టి, "ధాగా రహేగా మేడం, ఆప్ జావో" అన్నడు. దారం ఉంటది, మీరు పోండ్రి అని!

ఒక్కటే అదృష్టం. దారం కరిగిందే గని ముక్కకు ఒక్క గీత పడలే. ఎనభై ముక్కలు తీగె మీద ఆరేసిన, ఇస్త్రీ చేసిన, మళ్ళ మొదటి నుంచి కుట్టిన. వదిన ఇంటికి పోనికి నాకు మొకం చెల్లలే, మా ఆయన చేతికిచ్చి పంపిన. రెండు గంటలకు వచ్చిండు.

"ఏమన్నది?"

"బకెట్ తెమ్మన్నది."

"అయ్యో! ముంచిందా?"

"ముంచింది. గంటసేపు నన్ను ఆడ్నే కూసోబెట్టింది, చాయ్ గూడ ఇయ్యలే."

"ఆగిందా మరి?"

"ఆగింది."

"నన్నేమన్న అన్నదా?"

"ఏం అనలే."

ఆ రోజు అన్నం సయించలే నాకు. రెండు ఆదివారాలు చర్చిల కనపడ్డా పక్కకెళ్ళి పోయింది. బొంత మీద పిల్లగాడు పంటుండని సోని చెప్తే సంతోషమైంది గని, వదిన మాట్లాడకపోయేసరికి లోపల గుచ్చుకుంటనే ఉంది.

ఇగ మొన్న ఆదివారం. ఆరాధన అయిపోయింది, బయట దబదబ వాన. నా కాడ గొడుగు లేదు. కానియ్యి, తడుసుకుంటనే పోదామని మెట్టు దిగిననో లేదో, ఎనకకెళ్ళి ఒక చెయ్యొచ్చి రెక్క పట్టి గుంజింది. వదిన! నా జాకెట్ చెయ్యి రెండు వేళ్ళతోని పట్టి చూసింది.

"కొత్తదా? ఎవరు కుట్టిన్రు?"

ఇన్నొద్దులకు మాట్లాడింది! "నేనే వదినా" అన్న.

తన గొడుగు తెచ్చి పూరా నా మీదనే పట్టింది. తాను వానల తడుస్తుంది, చీరంత నానింది. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. "వదినా, నువ్వు తడుస్తున్నవ్, నువ్వు గూడ లోపలికి రా" అన్న.

"ఏం గాదు. నేను తడిస్తే సర్ది అయితది, గంతే" అన్నది. "నువ్వు తడిస్తే చర్చి ముంగట మన ఇజ్జతే పోతది. నడువు జల్ది!"