మొదటి అక్షరం తిన్న ఎలుక

పటాన్‌చెరు పాత బస్టాండు వెనక సందులో రిపేరు దుకాణం నడిపే కిష్టప్పకు ఈ లోకంలో ఒక్కటే శత్రువు. ఎలుక. రేడియో మూగబోయినా, టీవీలో బొమ్మ వంకరపోయినా, ఇస్త్రీపెట్టె వేడెక్కకపోయినా, మూత విప్పకముందే ఆయన తీర్పు సిద్ధంగా ఉండేది.

"ఎలుక కొట్టింది."

వస్తువు తనంతట తాను చెడిపోతుందని గానీ, మనిషి చేతిలో చెడిపోతుందని గానీ ఆయన చస్తే ఒప్పుకునేవాడు కాదు. ఒకసారి గుమ్మడిదల దగ్గరి మందుల ఫ్యాక్టరీలో పనిచేసే యాదగిరి కాలిపోయిన ఫ్యాను పట్టుకొచ్చాడు.

"గీ ఫ్యానుకు ఎలుకేందే అన్నా? మా ఫ్యాక్టరీ వాసనకు ఎలుకలన్నీ ఎప్పుడో ఊరిడిసి పోయినయ్!"

"పోయేటప్పుడు కొరికి పోయినయ్," అన్నాడు కిష్టప్ప, తల ఎత్తకుండా.

ఇంకోసారి ఆగమ్మ మిక్సీ తెచ్చి బల్ల మీద దడేలున పెట్టింది. వెనకాల కోడలు తల వంచుకుని నిలబడింది. మిక్సీ గిన్నె వంచితే ముక్కలైన స్టీలు చెంచా గలగలా రాలింది.

"ఎలుక," అన్నాడు కిష్టప్ప.

"ఎలుక చెంచా పట్టుకొస్తదా?" అని ఆగమ్మ గయ్యిమంది.

"పచ్చడి తిననీకి తెచ్చుకున్నట్టున్నది."

ఆగమ్మకు నవ్వు ఆగలేదు. కోడలు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్తాకోడళ్లు ఒకే రిక్షాలో ఇంటికి పోయారు.

ఈ కథలన్నీ సుమిత్రకు తెలుసు. పటేల్‌గూడ నుంచి వచ్చి, పారిశ్రామికవాడలో పంపుల విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపు ఆఫీసులో ఆమె టైపింగు పని చేసేది. ఆఫీసులో ఏది చెడినా కిష్టప్పను పిలుచుకొచ్చేది ఆమే. ఆయన మాటలకు దారంతా నవ్వుకుంటూ వచ్చేది. ఒక్కరోజు మాత్రం నవ్వలేకపోయింది.

ఆ రోజు జిన్నారం దిక్కు ఫ్యాక్టరీ ఒకటి పాత పంపుకు లోపలి చక్రాలు మళ్లీ కావాలని ఆర్డరు పెట్టింది. చేతిలో పని లేక మిషన్లు ఖాళీగా ఉన్న సమయం. యజమాని కామేశ్వరరావు ఎగిరి గంతేసినంత పని చేశాడు. కానీ ఆ చక్రం డ్రాయింగు కాగితం మీద లేదు. గీసినాయన రిటైరై రాజమండ్రి పోయాడు. ఉన్నదల్లా స్టోర్‌రూములో దుమ్ము పట్టిన పాత కంప్యూటర్లో.

అందులోనూ లేదని సుమిత్రకొక్కదానికే తెలుసు. రెండేళ్ల కిందట కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు డ్రాయింగులన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించమన్నారు. ఎక్కించాననుకుని పాతవి చెరిపేసింది. తీరా చూస్తే ఫ్లాపీలు ఖాళీ. అప్పటికే పాత కంప్యూటరు స్టోరుకు పోయింది. ఫ్లాపీల సంగతి అందరూ మరిచారు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం కామేశ్వరరావే. విశాఖ దిక్కు నుంచి ప్రభుత్వ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక ఈ వర్క్‌షాపు పెట్టిన పెద్దమనిషి. మంచివాడే, కానీ ఏది పాడైనా "ఎవరు చేశారు?" అని మొదలుపెడితే తేలేదాకా వదిలేవాడు కాదు. నిరుడు కొలత సాధనం ఒకటి విరిగితే ఒక ఫిట్టరును ఇంటికి పంపించాడు. సుమిత్ర జీతం మీదనే ఇల్లు గడుస్తోంది. తండ్రి అంజయ్యకు నడుము పట్టేసి పొలం కౌలుకిచ్చారు.

కిష్టప్ప వచ్చాడు. పాత కంప్యూటరును బల్లకెక్కించి దుమ్ము దులిపాడు. దాని మానిటరు ఎప్పుడో పాతసామాన్లవాడి పాలైంది. కొత్త మానిటరు తగిలిద్దామంటే ప్లగ్గు పట్టలేదు. మానిటరు ప్లగ్గుకు పదిహేను సూదులు, పాత కంప్యూటరుకు తొమ్మిదే రంధ్రాలు.

"ఏవిటయ్యా ఇది? ఎవరు కొన్నారీ మానిటరు?" అన్నాడు కామేశ్వరరావు.

"మానిటరు మంచిదే సార్. రంధ్రాలు పదిహేనే ఉండె. ఆరు ఎలుక తిన్నది."

"రంధ్రాల్ని తినడమేవిటయ్యా!"

"ఆకలైతే ఏమన్న తింటది సార్."

చెప్పి లూనా బండి ఎక్కి పోయాడు. మధ్యాహ్నానికి, మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూటు ఒకటి వెతికి, అక్కడ పూలకుండీ కింద పీటగా ఉన్న పాత మానిటరును వెనక సీటుకు తాళ్లతో కట్టుకుని తెచ్చాడు. తగిలించి స్విచ్చి వేస్తే తెర మీద పసుపురంగు అక్షరాలు వెలిగాయి. కంప్యూటరు కుయ్యిమని అరిచి, తనకసలు డిస్కే లేదంది.

"ఉన్న డిస్కు లేదంటుందేం?" అన్నాడు కామేశ్వరరావు.

"లోపటి బ్యాటరీ సచ్చింది సార్. డిస్కు యాదికి లేదు దానికి. మనమే జెర యాది చెయ్యాలె." మూత విప్పి, డిస్కు మీది చీటీలో ఉన్న అంకెలు ఒక్కొక్కటే కొట్టాడు. మళ్లీ స్విచ్చి వేశాడు. లోపల డిస్కు గిర్రున తిరిగింది. డ్రాయింగుల ఫోల్డరు కనబడింది. తెరిచాడు.

ఖాళీ.



"ఎవరు చేశారు?" అన్నాడు కామేశ్వరరావు.

కిష్టప్ప సుమిత్ర వైపు ఒక్కసారి చూసి, చెరిగిపోయిన ఫైళ్లను వెతికే ఫ్లాపీ ఒకటి జేబులోంచి తీసి కంప్యూటర్లో పెట్టాడు. ఏదో కొట్టాడు. పోయిన ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి ఎక్కసాగాయి. ప్రతి పేరులోనూ మొదటి అక్షరం లేదు. దాని చోట ప్రశ్న గుర్తు.

"చూసిండ్రా సార్? ఎలుక."

"ఏం ఎలుకయ్యా?"

"ముంగటికెల్లి కొరుక్కుంట పోయింది. ఒక్కో అక్షరం తినంగనే కడుపు నిండినట్టున్నది, మిగిలినయ్ ఇడిసిపెట్టింది. అదృష్టం. దీన్ని ఎవ్వలు ముట్టకుండ మూలకు పెట్టిండ్రు గాబట్టి మిగిలినయ్, లేకుంటే మొత్తం తింటుండె." ఆయన కుర్చీ జరిపాడు. "సుమిత్రా చెల్లె, ఇటు రా. గీ పేర్లన్ని నువ్వే కొట్టినవ్ గద? మొదటి అక్షరాలు చెప్పు."

ఆమె వచ్చి పక్కన నిలబడింది. ప్రశ్న గుర్తు, యు, ఎమ్, పి.

"పి కొట్టన్నా. పంప్."

కొట్టాడు. ఫైలు లేచి కూర్చుంది. ఇంకోటి. ఇంకోటి. నాలుగైదు అయ్యేసరికి ఆయన అడగకముందే ఆమె చెప్పసాగింది. జిన్నారం పంపు చక్రం గీతలు గీతలుగా తెర మీద విచ్చుకునేసరికి కామేశ్వరరావు తన వయసు మరిచి చప్పట్లు కొట్టాడు. ఎవరు చేశారన్న మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు సుమిత్ర తన తల్లి పుష్పమ్మ చేత మక్కగారెలు, పచ్చడి చేయించుకుని, ఆఫీసుకు పోయేముందు దుకాణానికి వెళ్లింది.

"అన్నా, నిన్న నువ్వు లేకుంటే..."

"గారెలు వేడిగ ఉన్నయ్, మాట్లాడకు."

"నేనే చేసిన్నని నీకెట్ల తెల్సింది?"

కిష్టప్ప గారె తుంచుతూ నవ్వాడు. "ఫోల్డరు తెరిస్తె అందరు తెర దిక్కు సూసిండ్రు. నువ్వు తలుపు దిక్కు సూసినవ్."

"మరి ఎందుకు చెప్పలె?"

"చెప్తే ఫైళ్లు జల్దీ వస్తయా? నీ పేరు చెప్తే నీ కొలువు పోతది. ఎలుక పేరు చెప్తే దానికేం పోతది? దానికి జీతమా, బత్తెమా? పాపం, ఇన్నేండ్ల సంది ఎంతమంది తప్పులో మోస్తున్నది. ఒక్కనాడన్న ఎదురు చెప్పిందా?"

సుమిత్రకు ఆగమ్మ కోడలు గుర్తొచ్చింది. ఫ్యాను కాల్చుకున్న యాదగిరి గుర్తొచ్చాడు. ఆ సందులోంచి తల ఎత్తుకుని ఇంటికి పోయినవాళ్లంతా గుర్తొచ్చారు. కళ్లు తుడుచుకోబోయి, ఆయన మూతికి అంటిన పచ్చడి చూసి నవ్వేసింది.

ఆఫీసుకు చేరగానే కామేశ్వరరావు పిలుస్తున్నాడని కబురు. లోపలికి పోతే బల్ల మీద రెండు ఫ్లాపీ డబ్బాలు.

"రాత్రికి రాత్రే కాపీలు తీయించానమ్మా. ఒకటి నా బీరువాలో ఉంటుంది. రెండోది మీ ఇంట్లో పెట్టు."

"మా ఇంట్లనా సార్?" ఆమె తడబడింది. "సార్, ఆ ఎలుక..."

"ఆ ఎలుక సంగతి నాకు తెలుసులే. అన్నేళ్లు ప్లాంటులో పనిచేశాను. వైర్లు కొరికే ఎలుకల్ని చూశాను గానీ అక్షరాలు కొరికేదాన్ని ఎక్కడా చూళ్లేదు."

"మరి నిన్న ఏమనలేదేంది సార్?"

"ఆయన పాపం అంత కష్టపడి చెబుతుంటే నమ్మకపోతే ఏం బాగుంటుంది?" కామేశ్వరరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నిరుడు ఆ ఫిట్టరును పంపించాక నాకు చాలా రోజులు అన్నం సయించలేదు. అతన్ని మళ్లీ రమ్మని ఇందాకే కబురు పెట్టాను. కొత్త ఆర్డరుకు మనుషులు కావాలి కదా! వెళ్లు, పని చూసుకో."

సాయంత్రం పటేల్‌గూడ పోయే ఆటోలో సుమిత్ర డబ్బాను ఒడిలో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. పక్కన కూర్చున్న రాజవ్వ వంగి చూసింది.

"ఏందే బిడ్డా, గంత పైలంగ పట్టుకున్నవ్?"

"మా ఆఫీసుదవ్వా," అంది సుమిత్ర, దాచుకుందామన్నా దాగని నవ్వుతో. "సారు నా దగ్గర్నే పెట్టమన్నడు."